బాగుచేసిన తరువాత

ధ్యానభాగము: గలతీయులకు 6:1–5



మన సంఘపు పాత అంబాసిడర్ కారును మీరందరు ఎరుగుదురు. రోగులను ఆసుపత్రికి చేర్చినదియు, ముసలివారిని ఆరాధనకు తెచ్చినదియు అదియే. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో ఈ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, మన బండి ఇంకను నడుచుచున్నది. అయితే గడచిన నెలలో అది చిన్న మిట్టను సయితము ఎక్కలేక రొప్పుచుండగా, విజయవాడ ఆటోనగరులో ఒక షెడ్డుకు దానిని తీసికొనిపోయితిమి.

మేస్త్రీ ఇంజను పైభాగము విప్పి, ఎనిమిది వాల్వులలో ఒకదానిని మా చేతిలో పెట్టెను. వాల్వు అనగా సిలిండరునకు తలుపువంటిది. కొన్ని పెట్రోలు ఆవిరిని లోనికి రానిచ్చును, కొన్ని పొగను వెలుపలికి పోనిచ్చును. మాకు చూపిన వాల్వు అంచు ఒకచోట కాలి తరిగిపోయియుండెను. ఏల ఇట్లయ్యెనని అడిగితిమి.

"అయ్యగారూ, వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య కాస్త సందు ఉండాలండి. టకటకమని చప్పుడొస్తోందని ఎవరో ఆ సందు లేకుండా బిగించేశారు. ఇంజను వేడెక్కితే ఇనుము సాగుతుంది. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ చీలికలోంచి మంట పోయి అంచు కాలిపోతుంది. చప్పుడు చేసే వాల్వు సంగతి మనకు తెలుస్తుందండి. చప్పుడు లేనిదే కాలిపోయేది" అనెను.

ఆ మాట వినినప్పుడు మాకు మన సహోదరుడొకడు జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన పేరు వ్రాయము. సంఘపు లెక్కల విషయమై కోపపడి, పరుషముగా మాటలాడి, ఒక సంవత్సరము మందిరమునకు రాలేదు. తరువాత కన్నీటితో తిరిగి వచ్చి అందరియెదుట క్షమాపణ వేడుకొనెను. మనము సంతోషించితిమి, స్తోత్రము చెల్లించితిమి. అయితే మూడు నెలలు గడువకముందే ఆయన మరల రాకపోయెను. ఈసారి కోపము లేదు, కేక లేదు. చప్పుడు లేకుండ వెళ్లిపోయెను. తప్పు ఆయనదేయని మేము తలంచితిమి. ఆ షెడ్డులో కూర్చుండి, మేస్త్రీ ఇంజనును తిరిగి కూర్చుట చూచిన తరువాత మా తలంపు మారెను.

మొదటిది: ఆయన విప్పిన భాగములను ఒక కుప్పగా పోయలేదు. అట్టపెట్టెకు ఎనిమిది రంధ్రములు చేసి, అంకెలు వేసి, ఎనిమిది పుష్‌రాడ్లను వరుసగా గ్రుచ్చెను. అన్నియు ఒక్కతీరుననే ఉన్నవి గదా, ఏది ఎక్కడ పెట్టిన నేమి? అని అడిగితిమి. అవి యేండ్ల తరబడి తమ జతతో రాసికొని దానికి అమరియున్నవి గనుక, దేని చోటికి దానినే చేర్చవలెనని చెప్పెను. మన సహోదరుడు ఇరువది యేండ్లు మందిరపు గంట కొట్టి, పిల్లలకు పాటలు నేర్పినవాడు. తిరిగి వచ్చినప్పుడు మేము ఆయనను ముందు బల్లమీద కూర్చుండబెట్టితిమి గాని, గంట త్రాడును మరియొకని చేతిలోనే ఉంచితిమి. గౌరవమిచ్చితిమి, చోటు ఇయ్యలేదు.

రెండవది: సందు. రాకరు మన ఏతమువలె ఒక కొన లేచినప్పుడు రెండవ కొన దిగి వాల్వును నొక్కును. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆ నడుమ అంగుళములో వెయ్యింట పదునైదు వంతుల మందముగల ఉక్కు రేకును దూర్చి, అది కొంచెము పట్టుగా కదలునట్లు స్క్రూ సరిచేసెను. సందు ఎక్కువైన చప్పుడు, తక్కువైన కాలుట. మేము ఆ సహోదరునికి ఊపిరాడు సందు ఇయ్యలేదు. ఒక ఆదివారము రాకపోయిన ఇద్దరు పెద్దలను పంపితిమి. ఆయన ప్రతి మాటను తూచితిమి. అది ప్రేమయే అనుకొంటిమి.

మూడవది: ఏ వాల్వును ఎప్పుడు కొలువవలెనో దానికొక లెక్క యున్నది. ఎనిమిదవది పూర్తిగా దిగి బరువు మోయుచున్నప్పుడు ఒకటవది విశ్రాంతిలో ఉండును. అప్పుడే దానిని కొలువవలెను. ఏడవది దిగినప్పుడు రెండవదానిని, ఆరవది దిగినప్పుడు మూడవదానిని కొలువవలెను. ఏ జత కూడినను తొమ్మిదియే. బరువు క్రింద నున్నదానిని కొలిచిన కొలత తప్పును. ఆ మూడు నెలలు మన సహోదరుని యింట జబ్బు ఉండెను, పొలముమీద అప్పు ఉండెను. ఆ బరువు మోయుటకు మనలో ఎవరును వంగలేదు. బరువు క్రింద నున్నవానినే కొలిచితిమి.

పౌలు ఈ అధ్యాయములో, తప్పిపోయినవానిని సాత్వికముతో తిరిగి నిలువబెట్టుమని ఆత్మ సంబంధులకు చెప్పుచున్నాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటయే, యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేసికొనుచుండిరని మత్తయి వ్రాసిన చోటను ఉన్నది. చినిగిన కన్నులను ఒక్కొక్కటిగా ముడివేయు పని అది. వెంటనే ఒకని భారమును ఒకడు మోయవలెనని చెప్పి, మరి కొంత దూరములో ఎవని బరువు వాడే భరించుకొనవలెనని వ్రాసెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధమని మేము వెనుక అనుకొనుచుంటిమి. ఒకటి బరువు మోయగా రెండవది విశ్రమించి, మరల తన వంతు మోయుటకు లేచుట ఆ ఇంజనులో చూచితిమి.

అన్నియు కూర్చిన తరువాతను మేస్త్రీ తాళపుచెవి త్రిప్పలేదు. ప్రతి చోటను నూనె వేసి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి, ఏదియు తట్టుకొనుటలేదని తెలిసికొనెను. కొన్నాళ్లు నడిపిన తరువాత మరల తెమ్మని, సందు ఇంకొకసారి చూచెదనని చెప్పెను. మేమైతే ఒక్క ప్రార్థనతో అంతయు ముగిసినదని తలంచితిమి.

ప్రియులారా, వచ్చు శనివారము సాయంకాలము మేము ఆ సహోదరుని యింటికి పోవుచున్నాము. ఆయనను ప్రశ్నించుటకు కాదు, మమ్మును క్షమించుమని అడుగుటకు. ఆయన వచ్చునో రాడో మేమెరుగము. వచ్చినయెడల గంట త్రాడు ఆయన చేతికే ఇచ్చెదము; ఇప్పుడు గంట కొట్టుచున్న యౌవనుడు తానే ఈ మాట అనెను. మీలో ఎవరైనను ఆ అప్పు విషయమై సహాయము చేయగలిగినయెడల, పదిమందిలో చెప్పక మాతో చెప్పుడి.

ప్రభువా, విరిగినవారిని బాగుచేయువాడవు నీవే. వారిని తిరిగి చేర్చుకొను చేతులు మావి. వాటికి ఓర్పు దయచేయుము. ఆమేన్.