ప్రేక్షక స్థానం, శోకధర్మం: కౌమార డిస్టోపియన్ నవలలో మృత్యువు

కరుణరసానికి స్థాయీభావం శోకం. లోకంలో బాధించే శోకం కావ్యంలో ఆస్వాదయోగ్యం కావడానికి భట్టనాయకుడు సాధారణీకరణాన్ని కారణంగా చూపాడు. అది ఫలానా వ్యక్తిదన్న పరిమితిని విడిచి సహృదయులందరిదీ అవుతుంది. కౌమార పాఠకుల కోసం వెలువడే డిస్టోపియన్ నవలలు ఈ సిద్ధాంతం ముందు ఒక నైతిక ప్రశ్నను నిలుపుతున్నాయి. పిల్లల మరణాన్ని ఉత్కంఠతో చదవడం, దానిని వినోదంగా చూసే చర్యకు నిజంగా భిన్నమైనదేనా?

సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ (2008)లో 12 జిల్లాల నుంచి ఎంపికైన 24 మంది బాలబాలికలు ఒక్కరు మిగిలేవరకు పోరాడాలి. రాజధాని ఆ పోరును టెలివిజన్‌లో తిలకిస్తుంది. ఎవరు మిగులుతారోనన్న ఆత్రుతతో పుట తిప్పే పాఠకుడు ఆ క్షణంలో రాజధాని పౌరుడే. అయితే రూ అనే బాలిక మరణించినప్పుడు కాట్నిస్ ఆమె దేహాన్ని పూలతో అలంకరిస్తుంది. అక్కడ ఆట ఆగి సంతాపం మొదలవుతుంది. లోయిస్ లౌరీ ‘ది గివర్’ (1993)లో స్థితి దీనికి విలోమం. ఆ సమాజంలో చంపడానికి ‘విడుదల’ అని పేరు. పేరు మారడంతో శోకించే శక్తి కూడా నశించింది.

ఇటువంటి రచనలు లేత మనసులకు తగవన్న అభ్యంతరం ఉంది. కాని అభిమన్యుని కథ వినని తెలుగు బాల్యం అరుదు. ద్రోణపర్వంలో ఆ వృత్తాంతం వధతో ముగియదు. సుభద్ర విలాపం దాకా సాగుతుంది. కనుక పరిశీలించవలసింది మరణం ఉందా లేదా అని కాదు, దాని తరువాత శోకానికి చోటు దక్కిందా అని.

రాయదుర్గం వంటి చోట ఈ ప్రశ్న పుస్తకం దాటి వస్తుంది. ఇక్కడి గాజు మేడలలో పెరిగే కౌమార పాఠకునికి వాటిని లేపిన వలస శ్రామికుడు సాధారణంగా కంటబడడు. 2020 మే 1న పశ్చిమ హైదరాబాదులోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మంది కార్మికులతో దేశంలో తొలి శ్రామిక్ రైలు కదిలింది. వారు కంది వద్ద నిర్మాణ పనులలో ఉండినవారు. అనేకులకు అది తెరమీది దృశ్యంగానే మిగిలింది. కల్పిత జిల్లాల వేదనకు చెమర్చిన కన్ను పొరుగువాని వేదనను దృశ్యంగా దాటిపోతే, రసానుభూతి ధర్మంగా పరిణమించలేదన్నమాట.

అందువల్ల సాధారణీకరణం అవసరమే గాని, నైతికంగా అది సగం దారి. శోకాన్ని అందరిదిగా అనుభవించిన పాఠకుడు తిరిగి ఒక వ్యక్తి వద్దకు, ఒక పేరు వద్దకు రావాలి. ఆ మరలింపునకు తావిచ్చిన నవలలోనే మృత్యువు వినోదసామగ్రి కాకుండా నిలుస్తుంది.