స్నేహాన్ని మందుల చీటీ మీద వ్రాయవచ్చునా?



డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి వచ్చిన మనిషి చేతిలో ఒక చీటీ ఉంటుంది. రెండు మూడు రకాల మాత్రలు, ఒక టానిక్కు, అవసరమైతే ఒక ఇంజెక్షను. చీటీ వ్రాయకుండా పంపిస్తే "ఈయనకు వైద్యం తెలియదు" అని మనమే అంటాం. మరి ఆ చీటీ మీద "వారానికి ఒకసారి పాటల బృందంలో కూర్చోవాలి" అనో, "బుధవారం నాడు పదిమందితో కలిసి తోటపని చేయాలి" అనో వ్రాసి ఉంటే ఏమనుకుంటారు? డాక్టరు వేళాకోళం ఆడుతున్నాడు అనుకుంటారు.

ఇంగ్లండులో ఇది వేళాకోళం కాదు. అక్కడి ప్రభుత్వ వైద్యసేవలో ఇది ఒక భాగం. దానిని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటారు. తలనొప్పి అనీ, నిద్ర పట్టడం లేదనీ మళ్ళీ మళ్ళీ వచ్చే రోగులలో కొందరి బాధకు మూలం శరీరంలో లేదని డాక్టర్లు గమనించారు. భర్త పోయిన ఒంటరితనం, తీరని అప్పు, చెమ్మ పట్టిన ఇల్లు, ఉద్యోగ విరమణ తరువాత తోచని రోజులు. ఒక్కొక్క రోగికి డాక్టరుకు దొరికేది పదినిమిషాలు. అందుకని ఆయన రోగిని "లింక్ వర్కర్" అనే మనిషి దగ్గరకు పంపుతాడు. ఆ మనిషి తీరికగా కూర్చుని, నీకు ఏ జబ్బు అని కాక, నీకు ఏది ముఖ్యం, ఒకప్పుడు నీకు ఏది ఇష్టంగా ఉండేది అని అడుగుతాడు. ఆ తరువాత నడక బృందానికో, చిత్రలేఖనం తరగతికో, అప్పుల విషయంలో సలహా ఇచ్చే వారి దగ్గరకో దారి చూపుతాడు. బెరుకుగా ఉంటే మొదటి రోజు తోడు వెళ్ళేవారూ ఉన్నారు. 2019 జనవరిలో ఇంగ్లండు వైద్యసేవ తన దీర్ఘకాలిక ప్రణాళికలో, రెండేళ్ళలో ఇటువంటి కార్యకర్తలను వెయ్యికి పైగా నియమించాలనీ, 2023-24 నాటికి 9 లక్షల మందిని ఈ దారికి పంపాలనీ లక్ష్యం పెట్టుకుంది.

ఈ పద్ధతి గురించి మాట్లాడేవారు తరచుగా చూపే చోటు తూర్పు లండనులోని బ్రోమ్లీ బై బో. 1984లో ఆండ్రూ మాసన్ అనే ప్రొటెస్టెంటు పాదిరి అక్కడికి వచ్చేసరికి పెద్ద దేవాలయం, అందులో కొద్దిమంది వృద్ధులు మాత్రమే ఉన్నారు. ఆయన గుడి తలుపులు తెరిచి, కళాకారులకూ పసిపిల్లలకూ చోటిచ్చారు. క్రమంగా తోట, కాఫీ హోటలు వచ్చాయి. 1997లో ఆ ఆవరణలోనే వైద్యకేంద్రం కూడా వెలిసింది. ముందు మనుషులు కలిసే చోటు, ఆ తరువాత డాక్టరు. ఈ వరుసను గుర్తుంచుకోండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. తోడు అనేది మందుగా ఇవ్వగలిగిన వస్తువేనా?

ఒక వృద్ధురాలి ఇంటికి ప్రతి గురువారం ఒకామె వస్తుందనుకోండి. టీ తాగుతూ గంటసేపు కబుర్లు చెబుతుంది. ఒకనాడు వృద్ధురాలికి తెలుస్తుంది: ఆమె వచ్చేది తన రక్తపోటు తగ్గించడానికి, ఆసుపత్రి ఖర్చు మిగల్చడానికి, ఈ గంట ఒక పట్టికలో లెక్క పడుతుంది అని. మాటలు అవే, టీ అదే. కాని ఆ క్షణం నుండి ఆ టీ చప్పబడిపోతుంది. పారాసిటమాల్ మాత్ర అలా కాదు. ఇచ్చినవాడు మనసులో ఏమనుకున్నా అది జ్వరం తగ్గిస్తుంది.

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే దుఃఖానికి మందులు చెప్పారు. తన మహాగ్రంథం సుమ్మా థియోలోజియాలో ఆయన ఐదింటిని చర్చించారు: ఏదైనా ఒక సంతోషం, కన్నీరు, మిత్రుల సానుభూతి, సత్యధ్యానం, చివరగా నిద్ర, స్నానం. (సెమినరీలో ఈ స్నానం దగ్గరకు వచ్చినపుడు మేమంతా నవ్వుకున్నాం. వయసు వచ్చిన తరువాత ఇప్పుడు నవ్వు రావడం లేదు.) మిత్రుల సానుభూతి ఎందుకు పనిచేస్తుంది అన్నదానికి ఆయన రెండు కారణాలు ఇచ్చారు. దుఃఖం బరువు వంటిది, మరొకరు చేయి వేస్తే తేలికైనట్టు తోస్తుంది. ఇది మొదటిది. మిత్రులు తనతో కలిసి బాధపడటం చూచినపుడు, వీరు నన్ను ప్రేమిస్తున్నారు అని మనిషి తెలుసుకుంటాడు, ఆ తెలివిడి వల్ల సంతోషం కలుగుతుంది. ఇది రెండవది, ఇదే బలమైనదని ఆయన అభిప్రాయం.

దీనిని ఒప్పుకుంటే మన ప్రశ్న పదునెక్కుతుంది. బాగుచేసేది కబుర్లు కాదు, టీ కాదు, ప్రేమింపబడుతున్నానన్న ఎరుక. దానిని ఏ డాక్టరూ చీటీ మీద వ్రాయలేడు. వైద్యం కోసమని ఇచ్చిన తోడు వైద్యంగా కూడా పనిచేయదన్నమాట!

అయితే చీటీని చింపేయవలసిందేనా? తొందరపడవద్దు. అరిస్టాటిల్ స్నేహాన్ని మూడు విధాలుగా విభజించాడు: లాభం కోసం, వినోదం కోసం, ఎదుటివాని మంచితనం కోసం. మొదటి రెండూ, వాటి కారణం పోగానే పోతాయి అన్నాడు. కాని లాభంతో మొదలైనది లాభంతోనే ఆగిపోవాలని లేదు. అరువు బేరంతో మొదలైన పరిచయం రెండు కుటుంబాల ఆత్మీయతగా మారడం మీరు చూడలేదా? నర్సు జీతం తీసుకుంటుంది. అంతమాత్రాన ఆమె ప్రేమ అబద్ధమా? జీతమూ చీటీ ప్రేమను చెడగొట్టవు. ఈ వారం రక్తపోటు తగ్గలేదని తెలిసినా వచ్చే గురువారం ఆమె వస్తుందా? అక్కడే విషయం తేలుతుంది.

పైగా చీటీకి ఒక గొప్ప గుణం ఉంది, దానిని మన పండితులు గమనించినట్టు కనబడదు. అది అభిమానాన్ని కాపాడుతుంది. "నాకు ఎవరూ లేరు, మీతో కూర్చోనివ్వండి" అని నోరు తెరిచి చెప్పగలిగేవారు ఎందరు? మగవారైతే చచ్చినా చెప్పరు. "డాక్టరు గారు వెళ్ళమన్నారు, అందుకని వచ్చాను" అనడం తేలిక.

నాకు భయం ఉన్నది మరొక వైపు. ఇంటి పైకప్పు కారుతున్న వాడిని పాటల బృందానికి పంపితే అది వైద్యం కాదు, ఎగతాళి. అన్నవస్త్రాలు లేని సోదరునికి శుభం పలికి పంపేవారిని గురించి పునీత యాకోబు తన లేఖలో ఎంత కఠినంగా వ్రాశారో మీకు తెలుసు. మంచి లింక్ వర్కరు ముందు కప్పు సంగతి, అప్పు సంగతి చూస్తాడు. ప్రభుత్వాలు మాత్రం ఖర్చులేని మందు దొరికిందని సంతోషపడి, ఖర్చయ్యే బాధ్యతను వదిలించుకోవచ్చు. ఇంగ్లండులోనే 2010 తరువాతి దశాబ్దంలో స్థానిక సంస్థల నిధులు తగ్గి ఎన్నో గ్రంథాలయాలు మూతబడ్డాయి. చీటీ వ్రాసేవారు పెరిగి, చీటీ పట్టుకొని వెళ్ళవలసిన చోట్లు తగ్గితే ఏమి లాభం?

ఫలితాల మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. సోమర్సెట్ ప్రాంతంలోని ఫ్రూమ్ అనే చిన్న పట్టణంలో 2013 నుండి డాక్టర్ హెలెన్ కింగ్‌స్టన్, ఆమె సహచరులు ఊరిలోని సంఘాలన్నింటి పట్టిక తయారు చేశారు, సాధారణ పౌరులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. 2017 చివరకు అక్కడ అత్యవసరంగా ఆసుపత్రిలో చేరేవారు 14 శాతం తగ్గగా, సోమర్సెట్ మొత్తంలో 28.5 శాతం పెరిగారని 2018లో ప్రకటించారు. వినసొంపైన లెక్క. కాని అదే కాలంలో అక్కడి వైద్యంలో వేరే మార్పులూ జరిగాయి. 2017లో 15 పరిశీలనలను కలిపి చూచిన ఒక సమీక్ష, ఈ పద్ధతి పనిచేస్తుందని చెప్పడానికి తగిన రుజువులు ఇంకా లేవన్నది. ఒంటరితనం హాని చేస్తుందన్న దానికి మాత్రం రుజువులు గట్టివి. 148 అధ్యయనాలలోని 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను 2010లో కలిపి చూచినపుడు, బలమైన మానవ సంబంధాలు ఉన్నవారు బ్రతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

మన విచారణలలో లింక్ వర్కర్లు లేరు. పిల్లలు కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటే, ముసలి తల్లి నీరసం అంటూ ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు వెళ్ళి ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించుకుని వస్తుంది. ఆ సీసా ఎక్కే గంటసేపైనా పక్కన ఒక మనిషి కూర్చుంటాడు కదా! ఆమె డబ్బు ఇచ్చేది సీసాకా, ఆ గంటకా?

యోహాను సువార్తలో 38 ఏళ్ళుగా కోనేటి ఒడ్డున పడి ఉన్న రోగిని గుర్తు చేసుకోండి. స్వస్థత కోరుతున్నావా అని ప్రభువు అడిగితే, అతడు తన జబ్బు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తనను నీటిలోకి దింపే మనిషి లేడన్నాడు. అతడి చుట్టూ జనం లేక కాదు.

ఆదివారం దివ్యసత్ప్రసాదాన్ని రోగుల ఇళ్ళకు తీసుకుపోయే సోదరీసోదరులు, మరియదళం వారు, ఆ మంచాల పక్కన మరి కాసేపు కూర్చోగలరా అని అడుగుతున్నాను. కూర్చున్నపుడు ఓదార్పు మాటలకంటె ముందు వారిని ఏదైనా పని అడగండి. మంచం పట్టిన ముసలి ఉపదేశి గారికి పాత పాటలు ఎన్నో కంఠస్థం. ఇద్దరు పిల్లలను నోటుపుస్తకం ఇచ్చి ఆయన దగ్గరకు పంపండి. ఇది ఆయన సంతోషం కోసం ఆడే నాటకం కానక్కరలేదు. ఆ పాటలలో కొన్ని ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు.