ముందు నీడ సంగతి చూడు

చిన్నీ, విజయవాడలో ఇల్లు కట్టుకున్నావు, డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిస్తానంటున్నావు. మంచి మాట. పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఉంది. కానీ అడ్వాన్సు ఇచ్చేముందు ఈ బాబాయి మాట ఒకటి విను. ఏ కంపెనీ, ఎన్ని వాట్లు అన్నది తర్వాత. ముందు నీ డాబా మీద నీడ ఎటునుంచి ఎటు తిరుగుతుందో చూసుకో.

కాస్త నీడ పడితే కాస్తే కదా తగ్గేది అనుకోకు. ప్యానెల్‌లో సెల్స్ సిరీస్‌లో ఉంటాయి. స్లాబ్ వేసేటప్పుడు గమేళాలు అందించే వరుసలో ఒకడు నీరసిస్తే వరుసంతా నెమ్మదించినట్టే ఇదీను. బాదం ఆకు ఒకటి రాలి ఒక్క సెల్‌ను కప్పేసినా ఆ వరుస దెబ్బతింటుంది. అందుకే ప్యానెల్ వెనక మామూలుగా మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. కరెంటు నీడపడ్డ భాగాన్ని తప్పించుకుని పోతుంది, మిగతా భాగం పనిచేస్తుంది.

ఇప్పటి నీడ చూసి సరిపెట్టుకోకు. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ట్యాంకు నీడ దాని మొదట్లోనే ఉంటుంది. ధనుర్మాసంలో దక్షిణానికి వాలుతాడు. ప్యానెళ్ల మట్టం కంటే నాలుగడుగులు ఎత్తున్న ట్యాంకు అప్పుడు మధ్యాహ్నం పూట ఉత్తరానికి మూడడుగులకు పైగా నీడ పరుస్తుంది. పొద్దున తొమ్మిదింటికైతే అది ఏడడుగులకు దగ్గరపడుతుంది. కాబట్టి ప్యానెళ్లు ట్యాంకుకూ మెట్లగదికీ దక్షిణం వైపున ఉండాలి.

దక్షిణపు పిట్టగోడ నీడ కింది అంచున పడక తప్పదనుకో, ప్యానెల్‌ను అడ్డంగా పడుకోబెట్టమను. అప్పుడు పోయేది మూడోవంతు. నిలువుగా నిలబెడితే, సెల్స్‌ను సగానికి కోసి చేసే హాఫ్‌కట్ ప్యానెల్‌లో సగం పోతుంది, పాత రకంలో దాదాపు మొత్తం పోతుంది.

పక్కింటి కొబ్బరిచెట్టు నీడ పొద్దున కొన్ని ప్యానెళ్ల మీదే పడుతుంటే వాటిని వేరే వరుసగా, అంటే వేరే స్ట్రింగ్‌గా కలిపి, రెండు స్ట్రింగులనూ విడివిడిగా నడిపేలా రెండు ఎంపీపీటీలున్న ఇన్వర్టర్ పెట్టించు. కాకపోతే ప్రతి స్ట్రింగ్‌కూ ఇన్వర్టర్ అడిగేంత వోల్టేజి వస్తుందో లేదో కనుక్కో. ఒక్కో పూట ఒక్కో ప్యానెల్ మీద నీడ పడే ఇంటికే మైక్రో ఇన్వర్టర్లు, ఆప్టిమైజర్లు ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తాయి. అవైనా ఒక ప్యానెల్ నీడ మిగతావాటిని లాగకుండా కాపాడతాయే తప్ప, లేని ఎండను తేలేవు.

చివరగా, మూడు కిలోవాట్లు నింపి సబ్సిడీ పూర్తిగా రాబట్టాలని ఆరో ప్యానెల్‌ను ట్యాంకు నీడలో కూర్చోబెట్టకమ్మా. ఎండ నిండుగా తగిలే చోటు నాలుగింటికే ఉంటే నాలుగే పెట్టించు. రెండు కిలోవాట్లకూ 60,000 ఇస్తున్నారు.