ఊడిన పన్ను బతికున్నట్టా, చచ్చినట్టా?

దెబ్బ తగిలి ఊడిపడిన పన్ను ఇంకా దేహమేనా, లేక నేలమీద పడ్డ వస్తువా? పాలపన్ను విషయంలో ఈ ప్రశ్న లేదు. పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరడం తెలుగు పల్లెల పాత అలవాటు. దాన్ని తిరిగి పెట్టమని వైద్యులూ చెప్పరు. పెడితే కింద ఎదిగే పన్ను చెడవచ్చు. చిక్కంతా శాశ్వత దంతంతోనే.

ఈ చిక్కును ఇస్లాంలోని హనఫీ ధర్మవేత్తలు నేరుగా చర్చించారు. తెలుగు ముస్లింలలో ఎక్కువమందిది ఈ సంప్రదాయమే. ఊడిన పన్నును మళ్ళీ అదే చోట బిగించుకోవడం మక్రూహ్ అని, అంటే చేయదగని పని అని, ఇమామ్ అబూ హనీఫా (మరణం 767) అన్నారు. దేహం నుంచి విడివడ్డ భాగానికి తగినది ఖననమేనన్నది ఆ పక్షం వాదన. శిష్యుడు అబూ యూసుఫ్ (మరణం 798) ఒప్పుకోలేదు: ఎవరి పన్ను వాళ్ళు పెట్టుకుంటే తప్పులేదు, పరాయిదైతేనే తప్పు. గురువు విడిపోవడాన్ని చూస్తే, శిష్యుడు సొంతదనాన్ని చూశారు.

ఇలాంటి ప్రశ్నే జైనులకూ ఎదురైంది. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో జైనాలయ శిథిలాలు, సల్లేఖనంతో, అంటే ఆమరణ ఉపవాసంతో, దేహం విడిచినవారి స్మారక శిలలు ఉన్నాయి. దేహాన్ని అంత నిబ్బరంగా వదిలిన మతమే తెగిన అవయవం గురించి లోతుగా ఆలోచించింది. ఆత్మ దేహమంతా నిండి ఉంటుందని జైనుల సిద్ధాంతం. మరి వేలు తెగితే ఆత్మా తెగుతుందా? 1292 నాటి స్యాద్వాదమంజరి అనే గ్రంథంలో జైనాచార్యుడు మల్లిషేణుడు దీనికి బదులిచ్చాడు. తెగిన ముక్క అదురుతోందంటే అందులో ఆత్మాంశం ఉన్నట్టే. అయినా ఆ అంశానికీ దేహంలోని ఆత్మకూ నడుమ బంధం, తామరతూడు విరిస్తే సాగే నారలాగా, నిలిచే ఉంటుంది.

పంటి విషయంలో ఈ నారే నిజానికి దగ్గర. వేరును అంటుకున్న పలుచని పొరలోని కణాలే ఆ బంధం. గాలికి ఎండితే అరగంటకే అవి దెబ్బతింటాయి. గంట దాటితే దాదాపు అన్నీ చస్తాయి. అప్పుడు అబూ హనీఫా మాటే ఖాయం: బిగించినా అది మృతభాగమే, ఎముక దాన్ని క్రమంగా అరగదీస్తుంది. తడి ఆరకపోతే గెలుపు అబూ యూసుఫ్‌ది.

కాబట్టి పన్నును వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతో కడిగి, రుద్దకుండా వెంటనే గుంటలో పెట్టడం మేలు. వీలుకాకపోతే చల్లటి పాలలో వేయాలి. పులివెందుల నుంచి కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు బస్సులో గంటకు పైనే పడుతుంది. ఆ గంటను కాచేది పాలే. అవీ లేకుంటే గాయపడిన మనిషి ఉమ్మినే గ్లాసులో పట్టి అందులో వేయాలి. ఎంగిలని ఈసడించే ఉమ్మే ఇక్కడ మంచినీళ్ళకన్నా నయం. నీళ్ళలో ఆ కణాలు ఉబ్బి పగులుతాయి. అలాగని ఎండబెట్టడం కన్నా నీళ్ళే మేలు.

ఇక ధర్మం మాటకొస్తే, మనిషి సొంత దేహభాగాన్ని అతనికే అమర్చడాన్ని 1988లో జెడ్డాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ అనుమతించింది.