మెట్ల మీది నీరు, గర్భగుడిలోని ఊట

పోర్చుగల్‌లోని బ్రాగా పట్టణం దగ్గర 1722లో రూపుదిద్దుకోవడం మొదలైన బోమ్ జెజూస్ చర్చి మెట్ల వరుస బరోక్ రీతికి, అంటే చూపరి భావావేశాన్ని కదిలించడానికి వంపులనూ వెలుగునీడలనూ వాడుకున్న ఐరోపా కళారీతికి, ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ పంచేంద్రియాలలో ఒక్కోదానికి ఒక్కో నీటిధార ఉంది. కళ్లు, చెవులు, ముక్కు, నోటి నుంచి నీరు జారే ఆ శిల్పాలను దాటిన యాత్రికుడు విశ్వాసం, ఆశ, దాతృత్వం అనే సుగుణాల మెట్లు ఎక్కుతాడు. అయితే ఇంద్రియాలు దైవం వైపు మెట్లా, దాటవలసిన అడ్డంకులా? కఠోపనిషత్తు వాటిని రథాశ్వాలతో పోల్చింది. పగ్గం బిగించమన్నదే గాని గుర్రాలను విప్పేయమనలేదు.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం సీమలో, తాడిపత్రి వద్ద పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయం ఇదే ప్రశ్నను మరోలా అడుగుతుంది. విజయనగర కాలపు ఈ గుడికి పై అంతస్తులు లేకుండా అసంపూర్తిగా మిగిలిన గోపురాలున్నాయి. వాటి రాతి అడుగుభాగాలపై అరచేయంత ఖాళీ కూడా దొరకనంత దట్టంగా శిల్పాలు చెక్కారు. (పూర్తయి ఉంటే చూపు శిఖరం మీదికి పోయి, ఈ సన్నని పనితనం మరుగున పడేదేమో.) ఇంత నగిషీని కళ్లనిండా నింపుకొన్న భక్తుడు లోపలి చీకటిలోకి వెళ్లేసరికి చూపుకు పనే తగ్గిపోతుంది. బ్రాగాలో దారి పొడవునా పారే నీరు ఇక్కడ దారిలో ఎక్కడా కనబడదు. లింగం దగ్గర ఊరుతుంది. బుగ్గ అంటే ఊట.