కుదురుగా కూర్చోనిది వాడా, నేనా?

ఈ వారం వీడియోలో ధ్యానం గురించి మాట్లాడుకున్నాం కదా, దానికి సంబంధించి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను.

వర్క్ ఫ్రమ్ హోమ్ కావడంతో కొన్నాళ్లుగా మా ఊరు డోన్‌లోనే ఉంటున్నాను. ఆదివారం పొద్దున మా వీధిలో ఒక టీచరమ్మ చిన్నపిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని కలిపి కూర్చోబెట్టి సంగీతం చెప్తారు. మా వాడికి రెండున్నరేళ్లు. నాలుగు స్వరాలు చెవిన పడితే మంచిదని తీసుకెళ్లాను.

వాడు రెండు నిమిషాలు కూర్చుంటే గొప్ప. మాది జంక్షన్. కర్నూలు, గుంతకల్లు, నంద్యాల లైన్లు ఇక్కడే కలుస్తాయి. రైలు కూత వినబడితే చాలు, సరళీ వరుసలు వదిలేసి వాకిట్లోకి పరుగు. మూడో వారం అలాగే లేస్తుంటే చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాను. వాడు ఏడ్చాడు. మణికట్టు మీద నా వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. మనవరాలితో వచ్చిన ఒక అవ్వ అంది: "ఇడ్సు నాయనా, యాడికి పోతాడు? నువ్వు పాడు, వాడే వస్తాడు."

అప్పుడు వెలిగింది. ఆ రోజు నేను ఒక్క స్వరమూ పాడలేదు. పక్కపాప బుద్ధిగా తాళం వేస్తోందే, వీడేంటి ఇలా, అందరూ నా పెంపకం గురించి ఏమనుకుంటున్నారో... నా మనసు అంతా అక్కడే తిరుగుతోంది. వాడి కాళ్లే కదిలాయి. నేను కూర్చున్నచోటే ఊరంతా తిరిగొచ్చాను.

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు, మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టం అంటాడు. కృష్ణుడు కోప్పడడు. కష్టమే అని ఒప్పుకుని, అభ్యాసంతో, వైరాగ్యంతో సాధ్యం అంటాడు. దానికి ముందే, మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడ్నుంచి వెనక్కి తెచ్చుకోమన్నాడు. పోనే కూడదని అనలేదు. పోతుందని తెలిసే చెప్పాడు.

వైరాగ్యం అంటే కొడుకుని పట్టించుకోకపోవడం అనుకునేవాణ్ణి. నేను వదలాల్సింది కొడుకుని కాదు, "మంచి తండ్రి" అనిపించుకోవాలనే ఆశని. ఆ మణికట్టు మీద పడిన గుర్తులు ఆ ఆశవే.

అలాగని పిల్లాణ్ణి ఇష్టమొచ్చినట్టు వదిలేయమనడం లేదు. వాడు శ్రుతిపెట్టె లాగితే మిగతా పిల్లల పాట చెడుతుంది. అప్పుడు ఎత్తుకుని బయటికి వెళ్లడం నా బాధ్యత. రైలు వెళ్లేదాకా నిలబడి, మళ్లీ లోపలికి తేవడం కూడా నా బాధ్యతే. తేడా అంతా నా చేతి పట్టులో ఉంది.

ఇప్పుడు వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, వాడి అరచేతిలోనే ఆది తాళం వేస్తున్నాను. ఒక దెబ్బ, మూడు వేళ్లు. తర్వాత దెబ్బ, తిప్పు, మళ్లీ దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. ఒక్కోసారి ఎనిమిదీ పూర్తయ్యేదాకా ఉంటాడు, ఒక్కోసారి మూడో వేలికే లేస్తాడు.

వాడు మారాడా అంటే, లేదు. పోయిన ఆదివారం నాలుగుసార్లు లేచాడు. నాకు రెండుసార్లు కోపం వచ్చింది. రెండుసార్లూ తాళానికి తిరిగొచ్చాను.

మీ పిల్లలతో భజనకో గుడికో వెళ్లినప్పుడు మీరేం చేస్తారో కామెంట్లలో చెప్పండి. శ్రీకృష్ణార్పణమస్తు.