బంగారు బల్లి

బల్లి పలికినచో మన మాట సత్యమని మురియుదుము. మీద పడినచో ఏ యంగమున బడెనో చూచి ఫలమును లెక్కించుకొందుము. కాని బల్లి మనకొఱకు పలుకుట లేదు; తన తావును కాచుకొనుటకును, జోడును పిలుచుకొనుటకును పలుకుచున్నది.

శేషాచలపు కొండలలో బంగారు బల్లి యను జాతి యొకటి కలదు. మద్రాసు అటవీశాఖలో ఉద్యోగియైన బెడ్డోము దొర దానిని 1870లో శాస్త్రలోకమునకు తెలిపెను. పిమ్మట నూరేండ్లకు పైగా దానిని గూర్చి వినబడినది మిక్కిలి స్వల్పము. అది మరల కనబడినదను వార్త 1986లో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారి పత్రికలో వెలువడెను. ఆ నూరేండ్లును అది యెక్కడికిని పోలేదు. యాత్రికులు లక్షలుగా నడచు కొండలలోనే, సెలయేళ్ల దాపున, పగలు రాతి నెఱ్ఱెలలో దాగి, రాత్రి పురుగులను వేటాడుచు బ్రదుకుచుండెను.

దాని వ్రేళ్లక్రింది మెత్తలయందు కంటికగపడని సన్నని వెండ్రుకలు కలవు. వానిచే రాతి నంటి తలక్రిందుగా ప్రాకును. ఱెప్పలు లేనందున నాలుకతో కన్నులను తుడుచుకొనును. పెక్కు ఆడబల్లు లొక్క తావుననే గ్రుడ్లను రాతికంటించును. ఏటేట ఆ తావునకే వచ్చుచుండును. ఒక్క బండ పగులగొట్టినచో ఎన్ని తల్లుల సంతానము నశించునో యోచింపుడు.

కంచి వరదరాజస్వామి యాలయమున బంగారు, వెండి బల్లుల ప్రతిమలను తాకి, బల్లిపాటు దోషము తొలగినదని యూరడిల్లువారు నేటికిని కలరు. వారిలో ప్రాణమున్న బంగారు బల్లి నెఱిగినవారెందఱు? మనకు శుభమును గాని యశుభమును గాని తేని ప్రాణియెడ మనకు ధర్మము కలదా? పురుగులను తినును గాన మేలు చేయునందురు కొందఱు. అదియు మన లెక్కయే. లాభమును చూచి చూపు దయ బేరమే గాని ధర్మము కాదు.

మనుష్యుల యాకలి తీరకమునుపు బల్లుల మాట యేల యని యడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. కాని యా బల్లి మన యన్నములో పాలు కోరుట లేదు. ఒక రాతి నెఱ్ఱెయు, చేరువ నింత నీరును దానికి చాలును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ నొసగుచున్నది. అయినను నెఱ్ఱె నెఱ్ఱెకును కావలివాని నుంచుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. ఆ కావలి మన మనస్సున నుండవలెను. శకునములు చెప్పుట మాని తనకొఱకు తాను బ్రదుకు స్వాతంత్ర్యమును బల్లికి మనము తిరిగి యీయవలసియున్నది.